'శారీరకంగా, మానసికంగా హింసించారు' అంటే చాలదు: విడాకుల పిటిషన్ల గురించి బార్ అసోసియేషన్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా బార్ అసోసియేషన్ల అధ్యక్ష కార్యదర్శులకు, ఫ్యామిలీ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాద మిత్రులకు నమస్కారాలు.

ఏ జిల్లా ఫ్యామిలీ కోర్టులోనైనా సరే, క్రూరత్వం కింద పడిన విడాకుల ఓపీలు (ఒరిజినల్ పిటిషన్లు) ఓ పది తీసి వరసగా పరచండి. పేర్లు, పెళ్లి తేదీ, కల్యాణ మండపం చెరిపేస్తే ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. మొదటి పేరాలో హిందూ ఆచారాల ప్రకారం పెళ్లి, కట్నకానుకలు, ఆడపడుచు లాంఛనాలు. రెండో పేరాలో 'కొంతకాలం అన్యోన్యంగా కాపురం చేశారు'. మూడో పేరాలో అత్తమామల ప్రోద్బలంతో 'శారీరకంగా, మానసికంగా హింసించారు'. నాలుగులో పెద్దలు మందలించినా మారలేదు. ఐదులో కట్టుబట్టలతో మెడపట్టి గెంటేశారు. ఇంగ్లీషు పిటిషన్ అయితే అక్కడ తప్పకుండా 'నెక్డ్ అవుట్' అని ఉంటుంది. భర్త తరఫున వేస్తే పాత్రలు తారుమారవుతాయి: వంట చేసేది కాదు, అత్తమామల్ని లెక్కచేసేది కాదు, వేరు కాపురం పెట్టమని పోరు పెట్టేది, చెప్పాపెట్టకుండా పుట్టింటికి వెళ్లిపోయింది.

కక్షిదారులు అబద్ధాలు చెబుతున్నారని మేము అనడం లేదు. చాలాసార్లు ఇంట్లో జరిగింది ఈ వాక్యాల కంటే ఘోరంగానే ఉంటుంది. అది పిటిషన్లోకి రాదు, అంతే. కంప్యూటర్లో ఉన్న పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చి, ప్రింటు తీయడమే దీనికి కారణమని మనందరికీ తెలుసు. ఒక్కోసారి ఆ పేర్లు కూడా సరిగా మారవు. ఆరో పేరాలో ఎవరో మూడో మనిషి పేరు తొంగిచూస్తుంది.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 20 ఒకసారి మళ్లీ తీయండి. విడాకులకు ఆధారమైన సంగతుల్ని కేసు స్వభావాన్ని బట్టి వీలైనంత విడివిడిగా, స్పష్టంగా చెప్పమంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 2 ముఖ్యమైన సంగతుల్ని క్లుప్తంగా, నంబరు వేసిన పేరాల్లో రాయమంటుంది, సాక్ష్యాన్ని మాత్రం అందులో కుక్కవద్దంటుంది. 'హింసించారు' అన్నది సంగతి కాదు, సంగతులన్నీ చూశాక జడ్జిగారు చెప్పాల్సిన తీర్పు. మనం తీర్పు రాసి సంగతులు వదిలేస్తున్నాం.

దీని ఫలితం రెండేళ్ల తర్వాత సాక్షి బోనులో కనిపిస్తుంది. చీఫ్ అఫిడవిట్ (కక్షిదారు తన సాక్ష్యంగా ఇచ్చే ప్రమాణ పత్రం) అంటే పిటిషన్‌కు నకలే కాబట్టి అందులోనూ ఏమీ ఉండదు. అవతలి వకీలు క్రాస్‌కు (ఎదురు ప్రశ్నలకు) లేస్తారు. 'ఏ రోజు కొట్టాడో పిటిషన్లో రాశారా?' 'రాయలేదు.' 'ఏ ఆస్పత్రిలో చూపించుకున్నారు?' ఆవిడ అప్పుడు వివరంగా చెప్పడం మొదలుపెడుతుంది: ఫలానా పండగ ముందు రోజు, అన్నయ్య కూడా ఉన్నాడు, చెయ్యి వాచింది. వెంటనే అవతలి వకీలు సజెషన్ (తన వాదనను సాక్షి ముందు పెట్టే ప్రశ్న) పడుతుంది: 'ఇవేవీ పిటిషన్లో లేవు. కేసు కోసం ఇప్పుడు కల్పించి చెబుతున్నారు.' ఆవిడ 'కాదు' అంటుంది. డిపోజిషన్లో (కోర్టు రాసుకునే వాంగ్మూలంలో) ఒక్క లైను. కానీ పిటిషన్లో లేని సంగతి మీద ఎంత సాక్ష్యం చెప్పినా కోర్టు దాన్ని పట్టించుకోనక్కర్లేదన్నది పాత సూత్రం. నిజం చెప్పిన మనిషే అబద్ధాలకోరుగా రికార్డుకెక్కుతుంది. ట్రయల్ మొదలయ్యాక సవరణకు వెళదామంటే ఆర్డర్ 6 రూల్ 17 అడ్డొస్తుంది. తగినంత శ్రద్ధ చూపినా ముందే చెప్పలేకపోయామని నిరూపించాలి. కక్షిదారుకు మొదటినుంచీ తెలిసిన సంగతి విషయంలో ఆ మాట ఎలా చెప్పగలం?

ఎక్స్‌పార్టీ (అవతలివారు కోర్టుకు రాని కేసు) అయితే ఇవన్నీ అక్కర్లేదనుకోవడం ఇంకో భ్రమ. అవతలివారు వచ్చినా రాకపోయినా కోర్టు తనంతట తాను తృప్తి చెందాలని హిందూ వివాహ చట్టం సెక్షన్ 23 చెబుతోంది. నోటీసు అందినా ప్రతివాది రాలేదు కాబట్టి డిక్రీ వచ్చేస్తుందని కక్షిదారుకు మాటిచ్చి, చివరికి 'క్రూరత్వం రుజువు కాలేదు' అన్న ఉత్తర్వు చేతికిచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు.

రెండో పేరాలోని 'అన్యోన్యంగా' దగ్గర కాసేపు ఆగాలి. ఎవరూ అడగకుండానే ఈ వాక్యం రాస్తాం. తర్వాతి పేజీలో 'మొదటి రాత్రి నుంచే' వేధింపులు మొదలయ్యాయని రాస్తాం. రెండూ ఒకే సంతకం కింద ఉంటాయి. క్రాస్‌లో మొదటి అరగంట దీనిమీదే నడుస్తుంది. మంచి రోజులు నిజంగా ఉంటే ఎన్నాళ్లు ఉన్నాయో, ఏ నెల నుంచి ఎందుకు మారాయో రాయండి. లేకపోతే ఆ వాక్యమే వద్దు.

మరి ఎలా రాయాలి? మామూలుగా కనిపించే పేరా ఇది:

'ప్రతివాది, అతని తల్లిదండ్రులు అదనపు కట్నం తెమ్మని పిటిషనర్‌ను అసభ్య పదజాలంతో దూషిస్తూ, చేయి చేసుకుంటూ, నానా రకాలుగా శారీరకంగా, మానసికంగా హింసించారు.'

అదే విషయాన్ని ఇలా రాయొచ్చు (వివరాలు ఊహించి రాసినవి):

'2023 మార్చి 18, శనివారం రాత్రి సుమారు 9:30 గంటలకు, ఉప్పల్‌లోని అద్దె ఇంట్లో, పిటిషనర్ అన్నావదినెలు భోజనానికి కూర్చుని ఉండగా, ప్రతివాది పిటిషనర్‌తో "మీ నాన్న ఇస్తానన్న రెండు లక్షలు ఉగాదిలోపు రాకపోతే నువ్వూ ఈ ఇంట్లో ఉండవు" అన్నాడు. అన్న సర్దిచెప్పబోతే కంచం విసిరాడు. అది పిటిషనర్ ఎడమ మోచేతికి తగిలి వాచింది. మర్నాడు ఉదయం క్లినిక్‌లో చూపించుకుంది (డాక్యుమెంట్ 4). ఆ సాయంత్రం ప్రతివాది క్షమించమని వాట్సాప్‌లో రాశాడు (డాక్యుమెంట్ 5). ఆ తర్వాత పిటిషనర్ ఆ ఇంట్లో అతనితో ఒంటరిగా ఉండటానికి భయపడి నెలపాటు తమ్ముణ్ణి తోడు ఉంచుకుంది.'

పేరా పొడవు పెరిగింది, నిజమే. కానీ ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, ఏమన్నాడు, ఏం చేశాడు, ఆమెకు ఏమైంది, ఏ కాగితం ఉంది అన్నవన్నీ అందులో ఉన్నాయి. అవతలివారు ఆర్డర్ 8 ప్రకారం దీన్ని నిర్దిష్టంగా కాదనాలి. 'పేరా 7లోని ఆరోపణలు అబద్ధం' అని ఒక్క ముక్కలో దులిపేసుకుంటే ఇబ్బంది వారికే. చివరి వాక్యం మన పిటిషన్లలో దాదాపు ఎప్పుడూ ఉండదు. అదే అన్నిటికంటే ముఖ్యం. మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన శోభారాణి వర్సెస్ మధుకర్ రెడ్డి (1988) కేసులో కోర్టు చెప్పిన పద్ధతి ఇది: ముందు ప్రవర్తన ఏమిటో చూడాలి, తర్వాత అది ఎదుటి మనిషి మనసు మీద ఏ ప్రభావం చూపిందో చూడాలి. హింసించాలన్న ఉద్దేశం ఉండి తీరాలని లేదని కూడా ఆ తీర్పే చెప్పింది. నిద్రపట్టక మందులు వాడారా, ఉద్యోగం మానేశారా, పిల్లాడికి చదువు చెప్పలేక వేరే ఊరు పంపారా అన్నది రాయకపోతే ప్రభావం సగం కోర్టుకు చేరదు.

తిట్ల దగ్గర మొహమాటం వద్దు. 'అసభ్య పదజాలం' అంటే జడ్జిగారికి ఏమీ తెలియదు. కక్షిదారు నోటితో చెప్పలేకపోతే కాగితం ఇచ్చి రాయమనండి. ఇంగ్లీషు పిటిషన్లో కూడా ముందు తెలుగు మాట యథాతథంగా పెట్టి, పక్కన అర్థం ఇవ్వండి. అన్నీ అక్కర్లేదు. మనసు విరిచేసిన ఒకటో రెండో మాటలు చాలు. కడుపుతో ఉన్న భార్యను పట్టుకుని ఆ బిడ్డ ఎవరిదని అడిగిన భర్త మాటను 'సూటిపోటి మాటలు' అన్న బుట్టలో వేసేస్తే, జరిగిన అన్యాయాన్ని మనమే చిన్నది చేసినట్టు.

'తేదీలు ఎవరికి గుర్తుంటాయండీ' అంటారు. ఉంటాయి, అడగడం తెలియాలి. మనవాళ్లకు తేదీ గుర్తులేకపోయినా పండగ గుర్తుంటుంది: ఉగాదికి ముందు శనివారం, బోనాలకు పుట్టింటికి వెళ్లొచ్చిన మర్నాడు, శ్రావణ శుక్రవారం నోము నాడు, సీమంతం అయిన వారానికి, బారసాలకు వాళ్ల తరఫు ఎవరూ రాని రోజు. పాత పంచాంగమో క్యాలెండరో ముందు పెట్టుకుంటే అరగంటలో సగం తేదీలు తేలతాయి. మిగతావి ఫోన్లో ఉంటాయి: ఫోటోల గ్యాలరీ, ఫోన్‌పే చెల్లింపులు, రైలు టికెట్ మెసేజీ, బ్యాంకు స్టేట్‌మెంటు, 100కు చేసిన కాల్. తెల్లకాగితం మీద మూడు నిలువు గడులు గీసి తేదీ, సంఘటన, ఆధారం అని రాసుకుంటూ పోవడం రెండు గంటల పని. ఆ రెండు గంటలు పెట్టకుండా వకాలత్ మీద సంతకం తీసుకోవద్దని మా మనవి. కచ్చితమైన తేదీ దొరక్కపోతే '2022 ఆషాఢంలో, బోనాల రోజుల్లో' అనే రాయండి. తప్పేమీ లేదు. తేదీ కల్పించడమే తప్పు. ఆ రోజు అతను వేరే దేశంలో ఉన్నట్టు పాస్‌పోర్టు ముద్ర చూపించాడంటే మిగతా పది నిజాలూ దానితోపాటే మునుగుతాయి.

ఎన్ని సంఘటనలు రాయాలన్నదానికి మా లెక్క అయిదు నుంచి ఎనిమిది. ఇంగ్లండులో 1973 నాటి చట్టం కింద, భాగస్వామితో కలిసి ఉండమని అడగడం సమంజసం కానంత ప్రవర్తనను చూపించి విడాకులు కోరేవారు. అక్కడి సొలిసిటర్ల మామూలు సలహా: మొదటిది, అన్నిటికంటే దారుణమైనది, ఇటీవలిది. మంచి వకీళ్లు గొడవ ముదరకుండా ఆరోపణల్ని మెత్తగా రాసి, ముసాయిదాను ముందే అవతలివారికి చూపించేవారు. అదీ ఒక్కోసారి బెడిసికొట్టింది. ఓవెన్స్ వర్సెస్ ఓవెన్స్ కేసులో మెత్తగా మొదలైన పిటిషన్‌ను తర్వాత 27 సంఘటనలకు పెంచినా, అవి చాలవని కింది కోర్టు కొట్టేసింది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు కూడా అసంతృప్తిగానే ఆ తీర్పును నిలబెట్టింది. 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో తప్పు ఎవరిదో చూపించాల్సిన అవసరమే తీసేశారు. మనకు ఆ వెసులుబాటు రాలేదు. సర్దుబాటుకు వీల్లేనంతగా చెడిన పెళ్లి అన్న ఆధారాన్ని లా కమిషన్ 1978లో, మళ్లీ 2009లో సిఫార్సు చేసినా అది హిందూ వివాహ చట్టంలోకి ఎక్కలేదు. రాజ్యాంగం 142వ అధికరణం కింద ఆ పని సుప్రీంకోర్టు చేయగలదని 2023లో శిల్పా శైలేష్ తీర్పు చెప్పింది. మన ఫ్యామిలీ కోర్టుకు ఆ అధికారం లేదు. పరస్పర అంగీకారం కుదరకపోతే మనకు మిగిలేది ఎక్కువగా క్రూరత్వమే, కాబట్టి దాన్ని సరిగా రాయడం తప్పనిసరి.

సమర్ ఘోష్ (2007) తీర్పులో సుప్రీంకోర్టు ఇచ్చిన మానసిక క్రూరత్వ ఉదాహరణల జాబితాను అందరూ పిటిషన్లోనో వాదనలోనో అతికిస్తారు. ఆ జాబితాలోనే ఉన్న ఇంకో మాటను వదిలేస్తారు: రోజువారీ చిరాకులు, మామూలు కాపురంలో ఉండే ఒరిపిళ్లు చాలవు, పెళ్లి జీవితం మొత్తాన్ని కలిపి చూడాలి. అందుకే ఒక్కో సంఘటన విడిగా చిన్నదైనా, దాని వరస కనపడాలి. నెలకోసారి మాట్లాడటం మానేసి వారం రోజులు మౌనంగా ఉండే మనిషి గురించి రాస్తే ఒక్క వారం గురించి కాదు, రెండేళ్లలో అది ఎలా పెరిగిందో రాయండి. ఉప్పు ఎక్కువైందని అరిచిన రోజును తీసేయండి. అది ఉంటే మిగతా కేసు కూడా తేలికగా కనిపిస్తుంది.

ఇక పంచాయతీ. మన దగ్గర పెద్దమనుషులు కూర్చోని కాపురం గొడవ అరుదు. వాళ్లు కూర్చున్నాక ఆవిడ తిరిగి కాపురానికి వెళుతుంది, తర్వాత ఓ బిడ్డ కూడా పుడుతుంది. సెక్షన్ 23(1)(బి) ప్రకారం క్రూరత్వాన్ని క్షమించలేదని కోర్టు తృప్తి చెందాలి. దస్తానే కేసు (1975) చెప్పినట్టు క్షమించడమంటే మన్నించి, మళ్లీ పూర్వస్థితిలోకి తీసుకోవడం. కానీ ఆ క్షమ షరతుతో కూడినది. అవతలి మనిషి మళ్లీ మొదలుపెడితే పాత తప్పులు కూడా లేచి కూర్చుంటాయి. ఇది తెలిసీ మన పిటిషన్లు 'పెద్దలు మందలించి పంపారు' దగ్గరే ఆగిపోతాయి. ఏ తేదీన, ఎవరి ఇంట్లో, ఎవరెవరు కూర్చున్నారు, ఏం ఒప్పుకున్నారు, కాగితం రాసుకున్నారా, ఆ తర్వాత ఎన్నాళ్లకు, ఏ సంఘటనతో మాట తప్పారు అన్నవి రాయాలి. ఆ తర్వాతి సంఘటన లేకపోతే అంతకుముందు రాసిన నాలుగు పేరాలూ వీగిపోయే ప్రమాదం ఉంది. రాజీ కాగితం ఉంటే దాన్ని దాచొద్దు. 'ఇకపై కొట్టను' అని సంతకం పెట్టాడంటే అంతకుముందు కొట్టినట్టే. పెద్దల్లో ఒకరినైనా సాక్షిగా పిలవండి. ఊళ్లో ఎవరితోనూ మాట పడని పెద్దమనిషి కోర్టు మెట్లెక్కడానికి జంకుతాడు. అందుకే ఆయన్ను ఫైలింగ్‌కు ముందే అడగాలి.

క్రూరత్వంతోపాటు విడిచిపెట్టి వెళ్లడాన్ని కూడా కలిపేటప్పుడు తేదీ చూసుకోండి. పిటిషన్ వేసే నాటికి వరసగా రెండేళ్లు నిండాలి. నిండకుండానే ఆ ఆధారం రాసేసిన పిటిషన్లు వస్తున్నాయి. పైగా ఒక పేరాలో 'వెళ్లగొట్టారు', ఇంకో పేరాలో 'వెళ్లిపోయాడు' అని రాస్తే ఎవరు ఎవర్ని విడిచారో మనకే తెలియదు. అదే తేదీ డీవీసీలో (గృహహింస కేసులో), మెయింటెనెన్స్ కేసులో, పోలీసు ఫిర్యాదులో కూడా ఒకటే అయ్యుండాలి. మూడు కేసులు ముగ్గురు జూనియర్లు మూడు రోజుల్లో రాస్తే విడిపోయిన తేదీలు మూడు వస్తాయి. పెళ్లయి ఏడాది కాకుండా విడాకుల పిటిషన్ వేయకూడదన్న సెక్షన్ 14 సంగతి చెప్పక్కర్లేదనుకుంటాం.

వకీలు కలమే కక్షిదారు కేసును ముంచేది ఆరోపణల దగ్గర. వి. భగత్ కేసులో (1994) భార్య తరఫు జవాబులో, క్రాస్‌లో వేసిన ప్రశ్నల్లో భర్తకు, అతని కుటుంబానికి మతిస్థిమితం లేదన్నారు. ఆ మాటలే మానసిక క్రూరత్వమని సుప్రీంకోర్టు భర్తకు విడాకులిచ్చింది. విజయ్‌కుమార్ భాటే కేసులో (2003) భార్య శీలం మీద భర్త జవాబులో చేసిన ఆరోపణలు భార్యకు విడాకులు తెచ్చిపెట్టాయి. అందులో గమనించాల్సింది, ఆ ఆరోపణల్ని తర్వాత సవరణతో తీసేసినా లాభం లేకపోయింది. 'అక్రమ సంబంధం' అన్న మాట రాసేముందు పేరు, కాలం, ఆధారం మూడూ ఉన్నాయా అని అడగండి. లేకపోతే చూసిన ప్రవర్తనను మాత్రమే రాయండి: రాత్రి రెండింటికి ఫోన్లు, అడిగితే తలుపేసుకోవడం. 'పిచ్చిది', 'మగతనం లేదు' అన్నవీ అంతే. వైద్య కాగితం లేకుండా రాసిన ఆ వాక్యం రేపు అవతలివారి మొదటి ఎగ్జిబిట్ అవుతుంది.

భర్తల తరఫున వేసేవాటిలో '498ఎ కేసు (భర్త, అతని బంధువుల హింస మీద పాత ఐపీసీ కింద పెట్టే క్రిమినల్ కేసు) పెట్టింది' అన్న ఒక్క వాక్యాన్ని క్రూరత్వంగా చూపడం అలవాటైంది. కేసు పెట్టడమే క్రూరత్వం కాదు. మన ప్రాంతం నుంచి వెళ్లిన కె. శ్రీనివాసరావు (2013), కె. శ్రీనివాస్ (2014) తీర్పులు రెండింటిలోనూ సుప్రీంకోర్టు చూసింది ఫిర్యాదు అబద్ధమైనదా, అందులోని ఆరోపణలు నిరాధారంగా, అవమానకరంగా ఉన్నాయా అన్నది. కేసు ఇంకా నడుస్తుంటే ఆ సంగతి అలాగే చెప్పండి. నిర్దోషిగా విడుదలైతే తీర్పు సర్టిఫైడ్ కాపీ పెట్టి, సాక్షులు ఎదురు తిరిగి కొట్టేశారా లేక ఫిర్యాదు అబద్ధమని కోర్టు తేల్చిందా అన్నది ఏ పేరాలో ఉందో చూపించండి. రెండూ ఒకటి కావు. అత్తమామలతో విడిగా ఉండమని పోరు పెట్టడం క్రూరత్వమని చెప్పడానికి నరేంద్ర వర్సెస్ మీనా (2016) చూపిస్తారు. ఆ కేసులో ఆత్మహత్యాయత్నం, భర్త మీద నిరాధారమైన ఆరోపణ కూడా ఉన్నాయి. ఒక్క లైను కోసి తెస్తే అవతలివారు మిగతాది చదివి వినిపిస్తారు.

భార్య తరఫు వారు అత్తమామల్నీ ఆడపడుచుల్నీ మరుదుల్నీ మూకుమ్మడిగా కలపడం గురించీ ఒక మాట. తెలంగాణ నుంచే వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి గంపగుత్త ఆరోపణలతో నడిచిన 498ఎ కేసును కొట్టేసింది. అది క్రిమినల్ కేసే గానీ, అదే ఫిర్యాదును నకలు చేసి రాసిన ఓపీ విశ్వసనీయత కూడా దానితో పోతుంది. బెంగళూరులో కాపురముంటున్న ఆడపడుచు రోజూ ఏం చేసిందో రాయలేనప్పుడు ఆమె పేరెందుకు?

మరో పెద్ద పొరపాటు చట్టం ఎంపికలో. హిందూ వివాహ చట్టం నమూనాను అందరికీ వాడేస్తున్నాం. 1976 సవరణ తర్వాత హిందూ చట్టంలో క్రూరత్వమంటే కలిసి ఉంటే హాని జరుగుతుందన్న భయం చూపించనక్కర్లేదు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం సెక్షన్ 10లో మాత్రం, ప్రతివాదితో కలిసి ఉండటం తనకు హానికరమన్న సహేతుకమైన భయం కలిగించేంత క్రూరత్వం అని ఉంది. ఆ భయాన్ని ప్రత్యేకంగా రాయాలి. కోస్తా జిల్లాల్లో చర్చిలో పెళ్లై, సర్టిఫికెట్లలో హిందువులుగా ఉన్న జంటలు వస్తారు. ఏ చట్టం కింద వేయాలన్నది మొదటి రోజే తేల్చుకోకపోతే మూడేళ్ల తర్వాత పిటిషన్ మెయింటెనబిలిటీ (ఆ చట్టం కింద చెల్లుతుందా అన్న ప్రశ్న) మీద పడిపోతుంది. ముస్లిం మహిళలకు 1939 చట్టం సెక్షన్ 2లో క్రూరత్వం ఉపక్లాజులుగా విడగొట్టి ఉంది. భార్య ఆస్తిని భర్త అమ్మేసుకోవడం, మతాచరణను అడ్డుకోవడం కూడా అందులో ఉన్నాయి. ఏ క్లాజు కిందికి వస్తుందో నంబరుతో రాయండి.

వాట్సాప్ స్క్రీన్‌షాట్లు కలర్ ప్రింట్ తీసి పెట్టేస్తే పనైపోదు. భారతీయ సాక్ష్య అధినియం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో రెండు భాగాలు: ఒకటి కక్షిదారు ఇచ్చేది, రెండోది నిపుణుడిది. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) కూడా రాయాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 14 సాక్ష్య నిబంధనల్ని సడలిస్తుంది కదా అని సర్టిఫికెట్ మానేయవద్దు, అప్పీల్లో అదే పాయింటు వస్తుంది. పాత ఫోన్ అమ్మొద్దని, ఎక్స్ఛేంజిలో ఇవ్వొద్దని కక్షిదారుకు మొదటి రోజే చెప్పండి. 2025 జూలైలో విభోర్ గార్గ్ కేసులో భార్యాభర్తల రహస్య రికార్డింగులను ఇలాంటి వ్యాజ్యాల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. దానర్థం గంటల కొద్దీ ఆడియో పెన్‌డ్రైవ్‌లో పడేయమని కాదు. ఏ ఫైలు, ఏ నిమిషంలో ఏ మాట ఉందో తెలుగు లిపిలో రాసి ఇవ్వకపోతే ఎవరూ వినరు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల కేసుల్లో ఒక జాగ్రత్త చాలు. తిరుపతిలో 1975లో జరిగిన పెళ్లికి అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకుల్ని సుప్రీంకోర్టు వై. నరసింహారావు కేసులో (1991) గుర్తించలేదు. ఆ కోర్టు చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, భార్య అక్కడికి వెళ్లి పోరాడనూ లేదు, ఒప్పుకోనూ లేదు. కాబట్టి అక్కడ తప్పు చూపనక్కర్లేని విడాకులు తెచ్చుకుని ఇక్కడ రెండో పెళ్లికి సిద్ధమయ్యే కక్షిదారును ముందు కూర్చోబెట్టి ఈ తీర్పు చదివి వినిపించండి.

అసోసియేషన్లను అడుగుతున్నవి ఇవి. వేసవి సెలవులకు ముందు జూనియర్లకు ఒక్క రోజు డ్రాఫ్టింగ్ క్లాసు పెట్టండి. తీర్పుల మీద ఉపన్యాసాలు వద్దు, పేర్లు తీసేసిన పాత పిటిషన్లు చేతికిచ్చి మళ్లీ రాయించండి. కేసు వివరాలు బయటికి రాకూడదన్న హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 ఉంది కాబట్టి గుర్తుపట్టే వివరాలన్నీ నల్లరంగుతో చెరిపాకే ఇవ్వండి. లైబ్రరీ కంప్యూటర్లో, టైపింగ్ సెంటర్లలో తిరుగుతున్న నమూనా ఓపీల్ని తీసేయండి, లేదా సంఘటనల పేరాల్ని ఖాళీగా వదిలి తేదీ, స్థలం, సాక్షి, ప్రభావం, డాక్యుమెంట్ అన్న గడులు మాత్రమే ఉంచండి.

చివరగా, వెరిఫికేషన్లో (పిటిషన్ చివర నిజమని చేసే ధ్రువీకరణలో) 'తెలుగులో చదివి వినిపించగా విని, నిజమని ఒప్పుకుని' అని రాస్తున్నాం. నిజంగా చదివి వినిపిస్తున్నది ఎంతమంది? ఏ పేరాలు సొంతంగా తెలిసినవి, ఏవి ఇతరులు చెప్పగా తెలిసినవి అన్నది ఆర్డర్ 6 రూల్ 15 ప్రకారం నంబర్లతో చెప్పాలి. 'పైన రాసినవన్నీ' అని ఊరుకోకూడదు. సంతకానికి ఒక రోజు ముందు పిటిషన్ తెలుగు ప్రతి కక్షిదారు చేతికివ్వాలని, దాని మీద ఆయనో ఆవిడో పెన్సిలుతో దిద్దిన కాపీని ఫైల్లో ఉంచాలని అసోసియేషన్ తరఫున తీర్మానం చేయమని కోరుతున్నాం. రాబోయే జనరల్ బాడీ అజెండాలో ఈ ఒక్క అంశం చేర్చండి.

ఇట్లు,
ఫ్యామిలీ కోర్టు పిటిషన్లు రాసే, వాటి మీద క్రాస్ చేసే కొందరు న్యాయవాదులు